ఎలుక కొరికిన పేజీ

నలభై ఏళ్లు దాటేవరకు నాకు అక్షరం ముక్క రాదు. అయినా అంతకుముందు తొమ్మిదేళ్ల పాటు మా సంఘంలో ప్రతి ఆదివారం బైబిలు చదివింది నేనే. రెండూ నిజమే. ఎట్లా నిజమో చెప్తాను. సిగ్గుపడే వయసు దాటిపోయింది కాబట్టే చెప్పగలుగుతున్నాను.

మాది గుమ్మడిదల దాపున ఒక పల్లె. ఊరి చివర మా వాడలో పదిహేను ఇళ్లు క్రైస్తవులవి. తాతల కాలంలోనే బాప్తిస్మం తీసుకున్నారు గానీ చదువు మాత్రం ఎవరికీ అబ్బలేదు. పాదిరి అయ్యగారు ఏడాదికి రెండుసార్లు ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇవ్వడానికి వచ్చేవారు. మిగతా ఆదివారాలన్నింటికీ సైకిలు మీద వచ్చే ఉపదేశే మాకు దిక్కు. ఆయన ఒక వాక్యం చదువుతాడు, మేమంతా గట్టిగా అంటాం. నాలుగుసార్లు అనిపించాక ఒక్కొక్కరినీ లేపి అప్పజెప్పమంటాడు. వారమంతా దుక్కి దున్నినవాళ్లు కునుకుతూ సగం మింగేవారు. నాకు మాత్రం ఒక్కసారి వింటే చాలు, చెవిలో పడింది పడినట్టు నోట్లోంచి వచ్చేది. ఆయన పెట్టె మోసుకుంటూ పక్క ఊళ్లకు కూడా వెళ్లేవాణ్ణి.

ముసలితనంలో ఉపదేశికి చూపు మందగించింది. అప్పుడు నాతో, "నూనె మరక పడ్డ పేజీ తియ్యిరా" అనేవాడు. తీసి ఆయన ఒళ్లో పెడితే, దాని మీద చేయి వేసుకుని ఎర్ర సముద్రం కథ కంఠతా చెప్పేవాడు. పసుపు వేలిముద్ర ఉన్నచోట కాపరి కీర్తన. ఎలుక మూల కొరికిన చోట పది ఆజ్ఞలు. అట్లా గ్రంథం మొత్తం నాకు మరకల లెక్కన తెలిసింది. ఆయన పోయేముందు ఆ పుస్తకం నా చేతిలో పెట్టాడు. మరుసటి ఆదివారం అందరూ నా ముఖం చూశారు. నేను పసుపు వేలిముద్ర తీసి గడగడా చెప్పాను. ఉపదేశి దగ్గర చదువు కూడా నేర్చుకున్నాడని వాళ్లే అనుకున్నారు. నేను కాదనలేదు. నేను చేసిన మొదటి తప్పు అదే. అప్పుడు తప్పులాగా కూడా అనిపించలేదు, గౌరవంలాగా అనిపించింది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఉపదేశి వాక్యానికీ వాక్యానికీ మధ్య తన మాటలు కలిపేవాడు. కల్లు తాగొద్దు, జాతరలకు పోవద్దు, మొగుడు చచ్చిన ఆడది మళ్లీ మనువాడొద్దు. అన్నీ ఒకే గొంతుతో, చేయి గ్రంథం మీద నుంచి తీయకుండా చెప్పేవాడు. మా కులాల్లో మారుమనువు తప్పు కాదు. మా మేనత్తకు అట్లాగే జరిగింది. అదంతా పాత నడవడి, క్రైస్తవులకు తగదు అనేవాడు ఉపదేశి. వినేవాడి చెవికి గ్రంథం ఎక్కడ ఆగిందో, మనిషి ఎక్కడ మొదలయ్యాడో తెలియదు. చదివేవాడి కంటికి తెలుస్తుంది. ఈ ముక్క తెలుసుకోవడానికి నాకు పట్టిన కాలం నా చెల్లెలి వయసులోంచి పోయింది.

పటాన్‌చెరు దగ్గర షెడ్లు లేస్తున్న రోజుల్లో మా వాడలో సగంమంది పనికోసం అటు వచ్చేశాం. నాకు ఒక ఫ్యాక్టరీలో బస్తాలు మోసే పని దొరికింది. హాజరు పుస్తకంలో వేలిముద్ర వేస్తే గుట్టు బయటపడుతుందని, సంతకాన్ని బొమ్మ గీసినట్టు గీయడం నేర్చుకున్నాను. కిరాయికి తీసుకున్న ఒక్క గది, రేకుల కప్పు. వారంలో ఆరు రోజులు అది మా ఇల్లు, ఆదివారం పొద్దున అదే మా చర్చి. చాపలు పరిస్తే పదిహేనుమంది మోకాళ్లు మోకాళ్లు తగిలేలా కూర్చునేవాళ్లం. ఎండాకాలం రేకు కాలి, కాలువ మీదుగా మందుల వాసన వచ్చి, తలుపు తీస్తే వాసన, వేస్తే ఉడుకు.

ఆ గదికే నా చెల్లెలు వచ్చింది. నాకంటే పదిహేనేళ్లు చిన్నది. చిన్నతనంలోనే బొంతపల్లి అవతలి ఊరికి ఇచ్చాం. ఇరవై రెండేళ్లకు మొగుడు జ్వరంతో పోయాడు, పిల్లలు లేరు, అత్తగారు పంపించేశారు. నా భార్య అప్పటికే నాలుగో కానుపు తర్వాత నడుము పడిపోయి మంచం మీద ఉంది. చెల్లెలు వచ్చిన మర్నాటి నుంచి పొయ్యి, నీళ్లు, పిల్లలు, రోగి అన్నీ ఆమెవే అయిపోయాయి. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

నాతోపాటు బస్తాలు మోసేవాడు ఒకడు ఉండేవాడు. జహీరాబాద్ వైపు నుంచి వచ్చిన క్రైస్తవుడే. భార్య పోయిన మనిషి, కల్లు ముట్టడు, మాట తక్కువ. ఏడాదిగా మా ప్రార్థనకు వస్తున్నాడు. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక చాపలు చుట్టబోతుంటే లేచి నిలబడ్డాడు.

"పెద్దల ముంగట అడుగుతున్న. అన్న చెల్లెను నాకియ్యండ్రి. మంచిగ సూసుకుంట."

తలుపు దగ్గర నిలబడ్డ చెల్లెలు లోపలికి పోలేదు, బయటికి పోలేదు. కొంగు కొస వేలికి చుట్టుకుంటోంది. ఆమెకు ముందే తెలుసని నాకు అప్పుడర్థమైంది.

మాలో అందరికంటే ముసలివాడు, నేను పెద్దనాయిన అని పిలిచే ఆయన గొంతు సవరించుకున్నాడు. "మారుమనువే గదా. మన తాతలు సేసిండ్రు, మనం సేస్తే తప్పేంది? కాని మనమిప్పుడు గ్రంథమోళ్లం. అండ్ల ఏమున్నదో సదివి చెప్పురా. ఉంటె చేద్దాం, లేకుంటె లేదు."

అందరూ నా వైపు తిరిగారు. ఆ క్షణంలో నా లోపల ఏముందో దాచకుండా రాస్తాను. ఉపదేశి గొంతు ఉంది, మనువాడొద్దు అంటూ. గ్రంథంలోనే ఉందని నేను నిజంగానే నమ్మాను. కానీ దాని పక్కనే ఇంకోటి కూడా ఉంది. ఈమె పోతే రేపు పొయ్యి వెలిగించేది ఎవరు? ఆ రెండిట్లో ఏది ముందు వచ్చిందని అడిగితే, ఇప్పటికీ నేను ప్రమాణం చేసి చెప్పలేను.

వద్దని చెప్పే మాట ఆజ్ఞల దగ్గరే ఉంటుందనుకుని ఎలుక కొరికిన పేజీ తీశాను. ఎలుక ఒక్క పేజీని కొరికి ఊరుకోదు, పది పదిహేను పేజీల మూలలు పోయాయి. అందులో ఒకటి తీసి, కాసేపు చూసినట్టు చూసి, "వద్దని రాసున్నది" అన్నాను.

వాడు తల వంచుకున్నాడు. చెల్లెలు మాత్రం వంచలేదు.

"ఏడున్నదన్నా? సూపియ్యి."

"నీకు సదువొస్తదా సూపియ్యనీకి?" అన్నాడు పెద్దనాయిన.

"రాకుంటేంది? కండ్లున్నయి గదా. నా ముచ్చట ఏడ రాసిండ్రో సూస్త."

నేను పేజీ మధ్యలో ఒక వరుస మీద వేలు పెట్టాను. ఆమె చాపల మీదుగా వచ్చి, చేయి కొంగుకు తుడుచుకుని, నా వేలి పక్కన తన వేలు పెట్టింది.

"గిదేనా?"

"అదే."

"గింత సిన్నగున్నదా," అంది.

ఆ తర్వాత ఏ గొడవా చేయలేదు. చేసి ఉంటే బాగుండేది. ఏడాది తిరగకముందే వాడు తన వైపు పిల్లనే చేసుకుని, భార్యను కూడా మా ప్రార్థనకే తీసుకొచ్చేవాడు. ఇంకెక్కడికి పోతాడు, ఆ చుట్టుపక్కల మాకున్నది ఆ ఒక్క గది. మంచం మీద నా భార్య, గోడవైపు వాళ్లిద్దరు, తలుపు దగ్గర నా చెల్లెలు, మధ్యలో పుస్తకం పట్టుకుని నేను. ప్రార్థన అయ్యాక ప్రతి ఆదివారం చెల్లెలు ఆ పుస్తకం తీసుకుని, కొరికిన పేజీ తెరిచి, ఆ వరుస మీద వేలు పెట్టి రుద్దేది.

"ఏం చేస్తున్నవ్?" అని ఒకసారి అడిగాను.

"ఏం లేదు. మరిస్తనేమో అని గుర్తు సేసుకుంటున్న."

నేను బయటికి వెళ్లి సైకిలు తుడిచాను. దాన్ని అప్పటికే పొద్దున ఒకసారి తుడిచాను.

ఇంకో రెండేళ్లకు కొత్త అయ్యగారు బల్ల ఇవ్వడానికి వచ్చారు. నా చేతిలోని పుస్తకం చూశారు. అట్టలు ఊడి, దారాలు వేలాడుతున్న పుస్తకం. ఆయన మంచి మనసుతో సంచిలోంచి కొత్త బైబిలు తీసి అందరి ముందు నా చేతిలో పెట్టారు. "పెద్దాయనా, ఈ రోజు దీంట్లోంచే చదవండి. ఇరవై మూడో కీర్తన, కాపరి కీర్తన."

తెరిచాను. ఏ పేజీ చూసినా తెల్లగా ఉంది. మరక లేదు, మడత లేదు, ఎలుక లేదు. మనిషి పుట్టి పెరిగిన ఊళ్లో ఇళ్లన్నీ తీసేసి నీ ఇల్లు చూపించమంటే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. చెమట పేజీ మీద పడింది. ఎక్కడో ఒకచోట తెరిచి, కీర్తన మొత్తం తప్పు లేకుండా చెప్పాను. అందరూ ఆమేన్ అన్నారు. అయ్యగారు నా పక్కనే నిలబడి పేజీ వైపు చూస్తున్నారు.

ప్రార్థన అయ్యాక సైకిలు దాకా సాగనంపడానికి వెళ్తే, మెల్లగా అన్నారు. "మీరు చెప్పింది కీర్తన. తెరిచింది ప్రకటన గ్రంథం. ఎన్నేళ్ల నుంచి ఇట్లా?"

నేను ఆయన సంచి సైకిలుకు తగిలించాను.

"నేను ఎవరికీ చెప్పను. అది మీరు చెప్పుకోవలసిందే. కానీ ముందు చదువు నేర్చుకోండి. మీ నోట్లో ఉన్నది గ్రంథమో కాదో మీకే తెలియకపోతే, పాపం ఆ కూర్చున్నవాళ్లకు ఎవరు చెప్తారు?"

మా ఫ్యాక్టరీ టైం ఆఫీసులో ఒక గుమాస్తా ఉండేవాడు. కోస్తా వైపు నుంచి ఉద్యోగానికి వచ్చిన హిందువు. మొదటి షిఫ్టు దిగాక సైకిళ్ల షెడ్డులో పనివాళ్లకు అక్షరాలు చెప్పేవాడు. నేను ఎప్పుడూ అటు చూసేవాణ్ణి కాదు. సంఘ పెద్ద పలక పట్టుకున్నాడని తెలిస్తే ఏమవుతుంది? అయ్యగారు అట్లా అన్నాక మాత్రం పోయి, బీహారు కూలీలతో పాటు వెనకాల కూర్చున్నాను. చుట్టూ మావాళ్లు లేని వేళ చూసుకుని వెళ్లేవాణ్ణి, దొంగ లెక్క.

"ఇది నాలుగో బలపం విరగ్గొట్టడం," అనేవాడు గుమాస్తా. "అది బస్తా కాదయ్యా బాబూ, మెల్లగా పట్టుకో."

"బస్తా అయితే ఒక్కసారి ఎత్తి అవతలేస్త సార్. ఈ 'ఞ' ఎందుకు సార్, ఏడ కనబడదు?"

"ఎవరూ పిలవరు, అయినా వరసలో కూర్చుంటుంది."

"మా మేనమామ లెక్క," అన్నాను. షెడ్డు మొత్తం నవ్వింది. ఎన్నో నెలల తర్వాత నేనూ నవ్వాను.

గుణింతాలు, ఒత్తులు దాటాక కొత్త బైబిలు తీసుకెళ్లాను. ఆయన వెతికి కాపరి కీర్తన తెరిచిపెట్టాడు. నేను గడగడా అందుకున్నాను. ఆయన రెండో వరుస మీద అరచేయి వేశాడు. నేను ఆగలేదు, చెప్పుకుంటూనే పోయాను.

"చూశావా? నువ్వు చదవడం లేదు, చెప్తున్నావ్. నీకు నోటికి రాని చోటు తెరువు."

నోటికి రానివి పౌలు ఉత్తరాలు. ఉపదేశి వాటిని పెద్దగా ముట్టేవాడు కాదు. రోజుకు నాలుగు వరుసలు, ఒక్కోరోజు రెండే. కలిపి చదివేసరికి మొదటి మాట మర్చిపోయేవాణ్ణి, మళ్లీ వెనక్కి. అట్లా కొరింథీయులకు రాసిన మొదటి ఉత్తరంలో ఏడో అధ్యాయం చివరికి వచ్చాను. భర్త బతికున్నంత కాలమే భార్యకు కట్టుబాటు అని ఉంది. చనిపోతే ఆమె ఇష్టపడినవాణ్ణి చేసుకోవచ్చు, అతను ప్రభువును నమ్మినవాడైతే చాలు, అన్న అర్థం. ఎక్కడో తప్పు కలిపానని మళ్లీ మొదటి నుంచి చదివాను. వేలు పెట్టి చదివాను. గుమాస్తాను చదవమన్నాను. ఆయన గొంతులో కూడా అదే వచ్చింది.

"ఏమైందయ్యా, ముఖం అట్లా అయిపోయింది?"

"ఏం లేదు సార్."

ఇంటికి వచ్చేసరికి చెల్లెలు నీళ్లకు వెళ్లింది. పెట్టె మీద పాత పుస్తకం ఉంది. ఎంత చెప్పినా దాన్ని పారేయనివ్వలేదు ఆమె. కొరికిన పేజీల్లో ఆమె వేలు పడ్డ వరుస వెతకక్కర్లేదు, నల్లగా కనిపించింది. ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. అరణ్యంలో వేసిన దేవుని గుడారానికి మేకవెంట్రుకలతో చేసిన తెరల కొలతలు అవి. పొడవు ఇన్ని మూరలు, వెడల్పు ఇన్ని మూరలు.

ఆ కొలతల మీద నేను నా చెల్లెలి పెళ్లి ఆపాను. నాలుగేళ్లు ఆమె వాటి మీద వేలు పెట్టి ఓపిక అడుక్కుంది.

చెప్పకుండా ఉండడానికి ఎన్ని దారులున్నాయో అన్నీ వెతికాను. చెప్తే సంఘంలో తల ఎత్తుకోలేను. చెప్పకపోతే ప్రతి ఆదివారం ఆమె వేలు చూడాలి. వాడికి ఎట్లాగూ పెళ్లైపోయింది, ఇప్పుడు చెప్పి ఏం లాభం అని కూడా అనుకున్నాను. ఆ ఆలోచన అన్నింటికంటే తియ్యగా ఉండేది. పదిహేను రోజులు దాన్నే చప్పరించాను. కొత్త పుస్తకం తెరిస్తే మాత్రం ఇక మూయలేకపోయేవాణ్ణి. చదువు రానప్పుడు అబద్ధం నాకు బరువు కాదు. వచ్చాక, ఆ పేజీ నా ఎదురుగా కూర్చున్నట్టే ఉండేది.

ఒక మధ్యాహ్నం చెల్లెలు గడప దగ్గర జొన్నలు చెరుగుతోంది. ఎదురుగా కూర్చున్నాను.

"చెల్లే, ఆ పేజీల నేను చెప్పింది లేదు."

చేట ఆగలేదు. "ఏమున్నది మరి?"

"డేరా తెరలు. కొలతలు."

"ఎన్ని మూరలు?"

"ముప్పై."

"ఎడల్పు?"

"నాలుగు."

"అంటె నాలుగేండ్ల సంది తెరలకు మొక్కుతున్ననా?" చేట పక్కన పెట్టింది. "ఇంకోకాడ ఉన్నదేమో. నీకు పేజి తప్పిందేమో."

"ఏడా లేదు. చేసుకోవచ్చని ఉన్నది. నాకప్పుడు సదువు రాదు."

తిడుతుందనుకున్నాను. లోపల నా భార్య దగ్గింది. చెల్లెలు లేచి వెళ్లి ఆమెకు నీళ్లు తాపించి, తిరిగి వచ్చి మళ్లీ చేట పట్టుకుంది.

"నాకొక్కదానికి చెప్తే అయితదా? అప్పుడు అందరి ముంగట చెప్తివి," అంది.

ఆదివారం కొత్త పుస్తకం తెరిచాను. పౌలు ఉత్తరం. వరుస కింద వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలికాను. నా గొంతు నాకే వేరేవాడిదిలా ఉంది. సగంలో పెద్దనాయిన విసుక్కున్నాడు.

"ఏందిరా గిట్ల నత్తుతున్నవు? ఎప్పుడు గడగడ సదివేటోనివి గదా!"

"ఇయ్యాలనే మొదటిసారి సదువుతున్న పెద్దనాయినా," అన్నాను.

అప్పుడు మొత్తం చెప్పాను. మరకలు, ఎలుక, తెరలు, పొయ్యి ఎవరు వెలిగిస్తారన్న భయం. ఎవరో ఒకరు నవ్వారు, ఎవరో ఛీ అన్నారు. ఎండకు రేకు టకటకమంటోంది. గోడవైపు కూర్చున్న వాడు తన భార్య వైపు చూడలేదు, నా చెల్లెలి వైపు చూడలేదు. బయట సైకిలు తాళం తీస్తుంటే దగ్గరికి వెళ్లాను.

"తమ్మీ..."

"గిది నాలుగేండ్ల కింద సదవకపోతివి," అన్నాడు. అంతే. ఆ తర్వాత పక్క బస్తీలో వేరే ప్రార్థనకు పోయేవాడు.

సంఘ పెద్దరికం వాళ్లు తీసేయకముందే నేనే వదిలేశాను. చెల్లెలు నాతో ఒక్కటే అడిగింది. "నాకు అచ్చరాలు నేర్పు. ఇగ ఎవ్వల నోటి మాట నేను నమ్మ. నీది అసలే నమ్మ." పొయ్యి ముందు బొగ్గుతో నేల మీద రాసి చూపించేవాణ్ణి. నాకు ఏడాదిన్నర పట్టిన చదువు ఆమెకు ఐదు నెలల్లో వచ్చింది. ఆ తర్వాత మా గదిలో ఎవరు నిలబడి "రాసి ఉంది" అన్నా, అయ్యగారే అన్నా సరే, తలుపు దగ్గర నుంచి ఆమె గొంతు వచ్చేది. "ఏడున్నది?" చెప్పేదాకా వదిలేది కాదు. చెప్పాక తెరిచి చూసేది. మొదట్లో కసురుకున్నారు. తర్వాత మిగతా ఆడవాళ్లు కూడా పుస్తకాలు తెచ్చుకుని, ఆమె చుట్టూ కూర్చుని కూడబలకడం మొదలుపెట్టారు.

బైబిలు చదవాలి అని పిల్లలకు చెప్పేవాళ్లు ఆశీర్వాదం వస్తుంది, జ్ఞానం వస్తుంది అని చెప్తారు. వస్తే రావచ్చు. నేను ఒకటే చెప్తాను. నువ్వు చదవకపోతే నీ తరఫున ఇంకొకడు చదువుతాడు. వాడి ఇంట్లో పొయ్యి వెలగాల్సి ఉంటుంది.

చెల్లెలు మళ్లీ పెళ్లి చేసుకోలేదు. వద్దని కాదు, మళ్లీ అడిగినవాడు లేడు. నా పిల్లలను పెంచింది, నా భార్యను సాగనంపింది. పాత పుస్తకం ఇప్పటికీ ఆమె పెట్టెలోనే ఉంది. మొన్న ఎండకు పెడుతుంటే తెరిచి చూశాను. ఆ వరుస దగ్గర కాగితం పలచబడి చిల్లు పడింది. అక్కడ ఏం రాసి ఉందో ఇప్పుడు ఆ పుస్తకంలో ఎవరూ చదవలేరు.

"ఏం సూస్తున్నవన్నా?" అంది వెనక నుంచి.

"ఏం లేదు."

"ముప్పై మూరలు," అంది, పుస్తకం నా చేతిలోంచి తీసుకుని.